రాజుగారి కొత్త ఇంటిపేరు

ఒకానొక రాజ్యంలో అని నేను మొదలుపెట్టగానే మీ కళ్ళకు పట్టపుటేనుగులూ పల్లకీలూ కనబడితే అది నా తప్పు కాదు. ఈ రాజ్యం మన వైపుది కాదు. పడమటి ఆఫ్రికాలో, ఎడారికీ అడవికీ నడుమ, అవతలి ఒడ్డు కనబడనంత పెద్ద నది పక్కన ఉండేదట. పేరు జెబాలా. ఎడారి నుంచి ఒంటెల మీద ఉప్పు పలకలు దిగేవి. అడవి నుంచి పడవల్లో కోలా గింజలు వచ్చేవి. కోలా గింజంటే వాళ్ళకు మన తాంబూలం లాంటిది. అది చేతిలో పెట్టనిదే పెళ్ళి మాటా లేదు, పంచాయతీ తీర్పూ లేదు. ఉప్పూ కోలా చేతులు మారే చోట ఎవడు గద్దె వేసుకుని కూర్చుంటే వాడే రాజు. ఇంతకు మించి భూగోళం నాకు రాదు, అడగకండి.

ఆ కొలువులో సిరిమాన్ అని ఒక జెలి ఉండేవాడు. జెలి అంటే మన భట్రాజు వంటివాడు. సొరబుర్ర వీణ మీటుతూ వంశావళులు పాడాలి. ఎవరి తాత ఎవరో, ఎవరి ముత్తాత ఎవరికి ఏం మాటిచ్చాడో అంతా కంఠతా ఉండాలి. సిరిమాన్‌కి ఇవన్నీ వచ్చు. రానివి రెండే రెండు: ధైర్యంగా నిలబడడం, ఆకలికి ఆగడం. ఈ మాట నేననడం లేదు, అతనే అనేవాడు. "మా వంశంలో పదకొండు తరాలవాళ్ళు యుద్ధాల మీద పాటలు కట్టారు. ఒక్కడైనా యుద్ధంలో చావలేదు. ఆ పరువు ఇప్పుడు నా చేతిలో ఉంది," అని చెప్పుకుని తనే ముందు నవ్వేవాడు.

రాజు పేరు మొలొబాలి. చెడ్డవాడేం కాదు. కాకపోతే తానెంత గొప్పవాడో జనానికి సరిగా అర్థం కావడం లేదని ఆయనకో బెంగ. అందుకని నాలుగు గొడుగులు లేనిదే గడప దాటేవాడు కాదు. ఆయన తుమ్మితే నగారా మోగాలి. నగారావాడికి జలుబు చేసిన రోజున కూడా మోగాలి. కూర్చున్నప్పుడు గొప్పగా కనబడడానికి గద్దె కింద గద్దె వేయించుకుని, చివరికి దిగడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది.

కథలోకి వెళ్ళేముందు అక్కడి ఆచారం ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే తరవాత నన్ను తిట్టుకుంటారు.

ఆ దేశంలో మనిషికి ఇంటిపేరే సగం బతుకు. ప్రతి ఇంటిపేరుకీ ఇంకో ఇంటిపేరుతో వేళాకోళపు చుట్టరికం ఉంటుంది. మనలో బావామరదళ్ళ సరసం ఉంటుంది చూడండి, అలాంటిదే. కాకపోతే వాళ్ళు వరస చూడరు, ఇంటిపేరు చూస్తారు. సిరిమాన్ ఇంటివాళ్ళకి కుమ్మరి ఇంటివాళ్ళతో ఈ చుట్టరికం ఉంది. అతను సంతలోకి అడుగు పెట్టగానే కుండలమ్మే ముసలమ్మ, పొట్ట వచ్చేసిందమ్మా, వెనకాల మనిషి ఎప్పుడొస్తాడో అని గొంతెత్తి అనేది. సంత సంతంతా నవ్వేది. సిరిమాన్ కూడా నవ్వాలి. నవ్వి, నీ కుండ నీళ్ళు నిలుపుతుందో లేదో నీ మొగుణ్ణడుగు అని ఏదో ఒకటి తిప్పికొట్టాలి. కోపం తెచ్చుకోకూడదు, అది ఒక నియమం. రెండో నియమం గట్టిది. వేళాకోళపు చుట్టాల నెత్తురు ఒకరిది ఒకరు చిందించకూడదు. చిందించినవాడి చేతి కోలా ఎవరూ ముట్టరు, వాడి పడవలో ఎవరూ సరుకు వెయ్యరు. వర్తకం మీద బతికే రాజ్యంలో అంతకంటే శిక్ష ఏముంటుంది!

ఇక గొడవ సంగతి. ముసలిరాజు కొడుకులు లేకుండా పోయాడు. తమ్ముడి కొడుకు మొలొబాలి దిగువన జెబాలా గద్దెక్కాడు. చెల్లెలి కొడుకు కారిబా ఎగువన కురుమా అనే రేవుపట్నంలో ఉండేవాడు. వాడెవడు రాజు కావడానికి, మేనమామ నన్నే ఎత్తుకుని పెంచాడు అన్నాడు. రాజు ఉప్పు పైకి పోనివ్వలేదు. కారిబా కోలా కిందికి రానివ్వలేదు. ఏడాదిన్నర పాటు కురుమాలో జనం చప్పిడి కూడు తిన్నారు. జెబాలాలో కోలా లేక పెళ్ళిళ్ళాగిపోయాయి. పెళ్ళీడు పిల్లల తల్లులు రాజుగారి నాలుగు గొడుగుల్నీ చూసి పళ్ళు నూరేవారు.

ఇది చాలదన్నట్టు కారిబా ఒక పాట కట్టించి పడవవాళ్ళ చేత పాడించాడు. రాజుగారి ఇంటిపేరు వాలుగ. వాలుగ చేప పేరే అది. పూర్వం ఆయన ముత్తాతకి తాత నది ఒడ్డున వాలుగ చేపలు పట్టి, పొగ మీద ఎండబెట్టి అమ్ముకునేవాడు. పాటలో గద్దె మీద చేప కూర్చుంది, దాని మీసాలకి సంపెంగ నూనె రాసుకుంది అని ఏదో ఉంది. కారిబా తల్లి పుట్టిల్లు కూడా ఆ వాలుగ వాళ్ళ ఇల్లేనని అతగాడికి గుర్తు రాలేదు. కోపం మీదున్నాడు కదా, అమ్మమ్మగారిల్లు ఏం గుర్తుంటుంది.

పాట రాజుగారి చెవిన పడింది. ఆయన మీసం మీద చెయ్యి వేసుకుని, వెంటనే తీసేసుకున్నాడు. వచ్చే సంత నాటికి కురుమా రేవు మీద నిప్పు బాణాలు వేసి బూడిద చేస్తానని కొలువులో ఒట్టు పెట్టాడు. అక్కడ సంత ఐదు రోజులకొకసారి.

సిరిమాన్‌కి గుండె జారిపోయింది. ఎందుకంటే ఆ రేవులోనే అతని అక్క సనాబా ఉంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. మొగుడు పోయినా కురుమా వదల్లేదు. పడవలు ఆగే మెట్ల దగ్గర మూకుడు పెట్టుకుని బొబ్బర్ల వడలు వేసి అమ్ముకునేది. రేవు తగలబడితే మొట్టమొదట తగలబడేది ఆమె గడ్డి పాకే.

చేపలమ్మే మనిషొకామె రెండు ఊళ్ళకీ తిరుగుతుంటే ఆమె చేత కబురంపాడు, అక్కా, ఉన్నపళంగా వచ్చెయ్యి అని. మర్నాడే జవాబొచ్చింది. "ఒరే తమ్ముడూ, మూకుడు పొయ్యి మీదుంది. దింపి రావడం నాకు కుదరదు. నేనొక్కదాన్నీ వస్తే ఇక్కడ మిగతావాళ్ళు కాలిపోరా? రాజుకి మాట చెప్పడానికే కదా నిన్ను అంత తిండి పెట్టి పెంచాను. వెళ్ళి చెప్పు."

సిరిమాన్ ఆ రోజు అన్నం వదిలేశాడు. ఇంట్లోవాళ్ళు వైద్యుణ్ణి పిలుద్దామా అనుకున్నారు.

చెప్పడం అంత సులువా! ముందురోజే ఒక ముసలి దళపతి యుద్ధం వద్దు ప్రభూ అన్నాడు. రాజుగారు అతన్ని గుర్రాల సాలకి పంపించేశారు, గుర్రాల్ని చూసుకోవడానికి కాదు, ఊడవడానికి. సిరిమాన్ తన సంగతి తనే ఆలోచించుకున్నాడు. "నేను వంగి చీపురు పట్టుకుంటే మళ్ళీ లేవలేను," అనుకున్నాడు.

ఇలా ఉండగా రాజుగారి దగ్గర్నించి పిలుపు వచ్చింది. గద్దె మీది గద్దె మీద కూర్చుని ఆయన సంగతి చెప్పాడు. యుద్ధానికి వెళ్ళేది చేప కాకూడదు. రెండు సైన్యాలూ ఎదురుపడ్డాక, బాణం వెయ్యకముందు జెలి ముందుకొచ్చి రాజు వంశం చాటాలి, అది ఆచారం. వాలుగ అని చాటితే కురుమావాళ్ళు పొట్ట పట్టుకు నవ్వుతారు. అందుచేత సిరిమాన్ రాజుగారికి ఇంకో ఇంటిపేరు కనిపెట్టాలి. మామూలు ఇంటిపేరు కాదు. సింహం.

సింహం వాళ్ళంటే ఒకప్పుడు ఎడారి అంచు నుంచి సముద్రం దాకా ఏలిన వంశం. జెబాలాలో ఆ ఇంటిపేరువాళ్ళు మూడు తరాలుగా లేరు. ఎక్కడో ఎడారి ఊళ్ళలో మిగిలిన కొద్దిమందీ ఉప్పు బేరం చేసుకుంటున్నారు.

"మూడు రోజుల్లో నేను సింహం వాణ్ణని రుజువు చెయ్యి," అన్నాడు రాజు. "రుజువులో ఎవరైనా వేలు పెట్టగలిగితే నీ తల ఉండదు."

సిరిమాన్ నేల మీది మన్ను నెత్తిన చల్లుకుని దండం పెట్టాడు. పెద్దల ముందు అలా చెయ్యడం వాళ్ళ మర్యాద. ఇంటికి వచ్చి సొరబుర్ర వీణ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సింహం వాళ్ళ వంశావళి మొత్తం, నలభై రెండు తరాలు, మొదటినించీ మనసులో చదువుకుంటూ వచ్చాడు. పదిహేడో తరం దగ్గర ఆగాడు. అక్కడున్న చిన్న సంగతి ఒకటి మళ్ళీ చదువుకున్నాడు. మూడోసారి కూడా చదువుకున్నాడు. ఆ తరవాత లోపలికి కేకేసి, అన్నం ఏదీ అన్నాడు. వైద్యుణ్ణి పిలవక్కర్లేదని ఇంట్లోవాళ్ళు కుదుటపడ్డారు.

మూడో రోజున కొలువు కిటకిటలాడిపోయింది. సిరిమాన్ వీణ మీటాడు. వంద సంవత్సరాల కిందట సింహం వాళ్ళ పెద్ద ఒకాయన వేటకు వెళ్ళి తిరిగి రాలేదని పాడాడు. ఇది అందరికీ తెలిసిందే. అదే కాలంలో జెబాలా ఒడ్డున కొత్త మనిషి ఒకడు చేపలు పట్టడం మొదలుపెట్టాడని పాడాడు. ఇదీ అందరికీ తెలిసిందే. ఈ రెండు నిజాలకీ మధ్య తనొక ముడి వేశాడు. శత్రువుల కంట పడకుండా ఆ సింహమే వాలుగ పేరు పెట్టుకుని దాగిందన్నాడు. లోపల మాత్రం తన పదకొండు తరాల పెద్దలకీ క్షమాపణ చెప్పుకున్నాడు. వాళ్ళయినా రాజుల ఉప్పు తిని ఇంతకు తక్కువ పాడినవాళ్ళేం కాదులే అని సర్దిచెప్పుకున్నాడు కూడా.

రాజుగారి ముఖం వెలిగిపోయింది. గద్దె మీద ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు.

"ప్రభూ, ఇక సింహం వాళ్ళ చుట్టరికాలు," అన్నాడు సిరిమాన్. "అదొక కుండెడు బొబ్బర్లతో మొదలవుతుంది. పదిహేడో తరంలో ఒక కరువు వచ్చి..."

"సింహం కథలో బొబ్బర్లేమిటి?" అని రాజు చిరాకు పడ్డాడు.

చుట్టరికాలు కూడా చాటితేనే వంశం పూర్తిగా చాటినట్టని సిరిమాన్ వినయంగా మనవి చేశాడు. రాజు వద్దన్నాడు. ఏలినవారికి తరవాత ఇబ్బంది కలగవచ్చునని రెండోసారి మనవి చేశాడు. రాజు కసురుకున్నాడు. చెప్పమన్నారా, వద్దన్నారా, సభలో ఒక మాట తేల్చి సెలవియ్యండని మూడోసారి అడిగాడు. "వద్దు, వద్దు, వద్దు," అని రాజు గద్దె చేతి మీద గుద్దాడు. పైగద్దె కొంచెం కదిలితే ఇద్దరు మనుషులు పట్టుకున్నారు.

పన్నెండుమంది పెద్దలు కోలా కొరికితే ఇంటిపేరు ఖాయమవుతుంది. ఖాయమయ్యాక చచ్చేదాకా పోదు, రాజైనా కాదనడానికి లేదు. యుద్ధం మూలాన ఊళ్ళో కోలా లేదు కదా. ఎవరి పెట్టె అడుగునో ఎండిపోయిన గింజ ఒకటి దొరికితే దాన్నే పన్నెండు ముక్కలు చేసి, తలా ఒక పలుకు పళ్ళ మధ్య పెట్టుకున్నారు. నగారా మోగింది. వాలుగ మొలొబాలి సింహం మొలొబాలి అయ్యాడు.

సంతనాడు పొద్దున్నే రెండు వందల పడవలు ఎగువకి బయల్దేరాయి. మొదటి పడవ మొనలో రాజుగారు సింహం తోలు కప్పుకుని నిలబడ్డాడు. ఎండాకాలం. తోలు ముసలి సింహానిది, కంపు కొడుతోంది. ఆయన చెమటతో తడిసి ముద్దయిపోతున్నా తియ్యలేదు. పక్కనే సిరిమాన్ పడవ అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఆ పడవలో అవతలి పక్కన నలుగురు పదాతులు కూర్చుంటే గానీ అతని వైపు బరువుకి సరిపోలేదట. వెనక పడవల్లో మట్టి మూకుళ్ళలో నిప్పులు, నూనె గుడ్డలు చుట్టిన బాణాలు ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా అతనికి అక్క పాక కప్పు కళ్ళ ముందు మెదిలేది. తను అనుకున్నది అనుకున్నట్టు జరగకపోతే ఆ నిప్పు పెట్టింది తనే అవుతాడు. ఆ భయం చిన్నది కాదు. జీవితంలో మొట్టమొదటిసారి అతనికి తన గురించి కాక వేరే మనిషి గురించి భయం వేసింది.

కురుమా ఒడ్డున కారిబా మనుషులు బారులు తీరి నిలబడ్డారు. కారిబా తండ్రి ఇంటిపేరు ఉడుము. ఆ రేవులో పడవలు నడిపేవాళ్ళలో ముప్పాతిక మంది ఆ ఇంటిపేరువాళ్ళే. వాళ్ళ వెనక మెట్ల మీద, పాకల మధ్య, సనాబా మూకుడు ముందు కూర్చునే ఉంది.

రాజు చెయ్యెత్తాడు. నూనె గుడ్డలు అంటించారు. సిరిమాన్ లేచి నిలబడ్డాడు. కాళ్ళు వణుకుతుంటే వీణ తీగలు వాటంతటవే మోగాయి. ఆచారం ప్రకారం ఒడ్డున ఉన్నవాళ్ళకి వినబడేలా ఎలుగెత్తి చాటాడు. "వచ్చినవాడు జెబాలా రాజు, సింహం మొలొబాలి! పెద్దలు కోలా కొరికారు. సింహం వాడు మీ ముందు నిలబడ్డాడు, ఉడుము వాళ్ళారా!"

ఒడ్డున చప్పుడు లేదు. రాజు సింహం తోలు సర్దుకున్నాడు. భయపడ్డార్రా అనుకున్నాడు పాపం.

బారులోంచి పళ్ళు లేని ముసలి పడవవాడొకడు నాలుగడుగులు ముందుకొచ్చాడు. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని రాజుని కిందనించి పైదాకా చూశాడు.

"బొబ్బర్ల దొంగ!" అన్నాడు.

పక్కవాడు కిసుక్కుమన్నాడు. వాడి పక్కవాడు ఈటె కింద పెట్టి మోకాళ్ళ మీద చేతులేసుకుని నవ్వాడు. క్షణంలో ఒడ్డు పొడుగునా బొబ్బర్ల దొంగ, బొబ్బర్ల దొంగ అని ఒకటే గోల. రాజు నోరు తెరుచుకుని సిరిమాన్ వైపు తిరిగాడు.

సంగతేమిటంటే, ఆ పదిహేడో తరం కరువులో సింహం వాళ్ళ పెద్దా ఉడుము వాళ్ళ పెద్దా కలిసి ఎడారి దాటారు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్క కుండ బొబ్బర్లు. ఉడుమాయన కునుకు తీస్తుండగా సింహమాయన కుండ మొత్తం ఖాళీ చేసేశాడు. చేశాడు సరే, దొరక్కుండా ఉండవచ్చు కదా. బొబ్బర్లు తిన్న కడుపు దాగుతుందా? ఉడుమాయన ఆ చప్పుళ్ళకే మేలుకుని, కత్తి తియ్యాల్సింది పోయి పొర్లి పొర్లి నవ్వాడు. సింహమాయన సిగ్గుపడి, మన రెండిళ్ళ మధ్య ఎన్నడూ నెత్తురు పడకూడదు, మీవాళ్ళు మావాళ్ళని బొబ్బర్ల దొంగలనవచ్చు, మావాళ్ళు మిమ్మల్ని పొట్టతో పాకేవాళ్ళనవచ్చు అని ఒట్టు వేశాడు. జెబాలాలో సింహం వాళ్ళు లేక ఇది ఎవరికీ గుర్తు లేదు. ఉడుము వాళ్ళకి మాత్రం మొన్న మొన్నటిలా గుర్తుంది. ఎడారి ఊళ్ళలో సింహం వాళ్ళు కనబడితే చాలు, పడవవాళ్ళు ఉప్పు బేరం పక్కన పెట్టి ముందు ఇదే అడుగుతారు.

ఇదంతా సిరిమాన్ రాజు చెవిలో గబగబా చెప్పాడు. రాజు ఆజ్ఞతో వెళ్ళిన బాణం రాజు చేతి బాణమే. ఒక్కటి తగిలినా ఇక ఆయన పడవలో ఎవరూ సరుకు వెయ్యరు, ఆయన చేతి కోలా ఎవరూ ముట్టరు. దళపతులకి ఈ మాట చెప్పనక్కర్లేకపోయింది. వాళ్ళకీ ఆచారం తెలుసు. వాళ్ళ ఇళ్ళలోనూ కోలా లేక ఆగిన పెళ్ళిళ్ళున్నాయి. ఒక్కొక్కరే బాణాలు నీళ్ళలో ముంచి చల్లార్పుతున్నారు.

"నాకెందుకు ముందే చెప్పలేదు?" అన్నాడు రాజు పళ్ళ బిగువున.

"మూడుసార్లు చెప్పబోయాను ప్రభూ. నిండు కొలువులో మూడుసార్లూ వద్దన్నారు."

"ఈ ఇంటిపేరు నాకొద్దు. ఇప్పుడే తీసెయ్యి."

"పెద్దలు కోలా కొరికేశారు, తీయడం నా వల్ల కాదు. ఒక్క దారుంది. ఈ జెలి పాడింది అబద్ధమని ఏలినవారే చెప్పాలి. నేను సింహాన్ని కాదు, వాలుగనే అని, ఇక్కడున్న వేల మందికీ వినబడేలా, మీ నోటితో. అప్పుడు కురుమా తగలబెట్టుకోవచ్చు. నా తల కూడా ఇక్కడే తీయించవచ్చు."

అని మెడ ముందుకు వంచాడు. నిజానికి ధైర్యం కాదు. నిలబడే ఓపిక అయిపోయింది, పడవ అంచు మీద కూలబడ్డాడు. రాజుగారి గర్వం ఆయన కోపం కంటే ఒక పిసరు పెద్దదని లెక్కవేసి, దాని మీదే అక్క ప్రాణాన్నీ తన తలనీ పణం పెట్టాడు. రాజుగారి గర్వాన్ని అంతగా నమ్ముకున్న మనిషి ఆ రాజ్యంలో మరొకడు లేడు.

మొలొబాలి ఒడ్డు వైపు చూశాడు. తన సైన్యం వైపు చూశాడు. నోరు తెరిచాడు, నేను అన్నాడు, ఆగిపోయాడు. వాలుగ అనే మాట గొంతు దాటి రాలేదు.

ఇంతలో ఒడ్డున జనం పక్కకి తప్పుకున్నారు. కారిబా మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చాడు. ఏడాదిన్నరగా రాజుని పేరు పెట్టి కూడా పిలవని మనిషి నవ్వు ఆపుకుంటూ, "ఏం బావా, మా కుండ ఎప్పుడిస్తావు?" అన్నాడు.

రాజు సిరిమాన్ మీదికి వంగాడు. "ఇప్పుడు నేనేమనాలి?" అన్నాడు చిన్న గొంతుతో. సిరిమాన్ చెప్పాడు. రాజు కొలువులో ఎన్నడూ వినని మామూలు మనిషి గొంతుతో అరిచాడు.

"పొట్టతో పాకుతూ రా, ఇస్తాను!"

రెండు సైన్యాలూ ఒక్కసారి గొల్లుమన్నాయి. ఆ అరుపుకి సింహం తోలు జారి నదిలో పడింది. నాలుగు గొడుగులవాళ్ళు దాన్ని పట్టుకోబోయి గొడుగులతో సహా నీళ్ళలోకి దూకారు. రాజుగారికి నెత్తిన ఎండ తగిలింది. ఆయనకి నవ్వొచ్చింది. మొదట ఆపుకుందామని చూశాడు గానీ కాలేదు, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

వేళాకోళపు చుట్టం అడిగాక కుండ ఇవ్వక తప్పదు. కానీ యుద్ధానికి వచ్చినవాళ్ళ పడవల్లో బొబ్బర్లెక్కడివి? రేవులో బొబ్బర్లున్నది సనాబా దగ్గరే. ఆమె వడల తట్ట పట్టుకుని దిగొచ్చింది. రాజు ఒకటి తీసుకుని కొరికి, ముఖం అదోలా పెట్టాడు. ఉప్పు లేదు.

"ఏడాదిన్నరగా ఇదే తింటున్నామయ్యా," అంది సనాబా. ఆమె గొంతులో వేళాకోళం లేదు.

రాజు తన పడవలో నుంచి, వంట కోసం తెచ్చుకున్న ఉప్పు పలక తెప్పించి, తనే మెట్టు మీద కొట్టి ముక్కలు చేసి ఆమె పిండి గిన్నె పక్కన పెట్టాడు. ఆ పూట రేవులో తిన్నవాళ్ళకి లెక్కలేదు. తింటూండగానే తగువు తీరింది. గద్దె మొలొబాలిది, ఎగువ రేవు మీద పెత్తనం కారిబాది. ఏటా ఒకసారి కారిబా కుండ అడగడానికి జెబాలా రావాలి, రాజు ఇవ్వనని పేచీ పెట్టి చివరికి ఇవ్వాలి. ఉప్పు పైకీ కోలా కిందికీ ఆ రోజే కదిలాయి.

భోజనాలయ్యాక రాజు సిరిమాన్‌ని పక్కకి పిలిచాడు.

"ఒక్కటి నిజం చెప్పు. నేను నిజంగా సింహం వాణ్ణేనా?"

"పొద్దున కాదు ప్రభూ. కానీ వేల మంది ముందు బొబ్బర్ల దొంగ అనిపించుకుని కత్తి తియ్యకుండా నవ్వారు చూడండి, అప్పట్నించి అవును. సింహం వాళ్ళకి చెయ్యడానికి అంతకంటే పెద్ద పని ఎప్పుడూ లేదు."

"ఇదంతా రాజ్యం కోసం చేశావన్నమాట," అన్నాడు రాజు.

అవునంటే పోయేది కదా. జెలి బుద్ధికి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ సిరిమాన్ చెయ్యి చాచి మూకుడు ముందున్న మనిషిని చూపించాడు. "మా అక్క ప్రభూ. రాజ్యం సంగతి దారిలో గుర్తొచ్చింది."

రాజు విరగబడి నవ్వాడు. తన ఒంటి మీది జరీ అంగీ విప్పి సిరిమాన్‌కి తొడిగించాడు. పొట్ట దగ్గర అంచులు కలవక జానెడు ఎడం మిగిలిపోయింది. ఇంకేం కావాలో కోరుకొమ్మన్నాడు. ఇలాంటి రోజు కోసం సిరిమాన్ ఏళ్ళ తరబడి ఒక జాబితా తయారుచేసుకున్నాడు. అందులో గుర్రముంది, ఆవులున్నాయి, వంటవాడున్నాడు. తీరా అడగబోతే ఒక్కటీ గుర్తు రాలేదు. రేపట్నించి రోజూ జెబాలా వదిలే మొదటి ఉప్పు పడవ మా అక్క మెట్ల దగ్గర ఆగితే చాలన్నాడు. రాజు సరేనన్నాడు. గుర్రం కూడా ఇచ్చాడు. దాన్ని ఎక్కడానికి సిరిమాన్ చేసిన ప్రయత్నం గురించి ఉభయ పట్నాల్లోనూ పాటలున్నాయి. వాటిలో ఎక్కువ అతను కట్టినవే.

జరీ అంగీతో వచ్చి పక్కన కూలబడ్డ తమ్ముణ్ణి సనాబా ఎగాదిగా చూసింది.

"ఒరే, నీడని చూసి జడిసే పిరికివాడివి. తల పోతుందని తెలిసీ ఎలా నిలబడ్డావురా?"

"పారిపోదామనే అనుకున్నానక్కా," అన్నాడు సిరిమాన్. "కానీ ఇక్కడ నువ్వున్నావు కదా, కాళ్ళు కదల్లేదు."

వెనక నించి విన్న రాజు మళ్ళీ పగలబడి నవ్వాడు, కారిబా నవ్వాడు, రేవంతా నవ్వింది. సనాబా మాత్రం నవ్వలేదు. అతని ఆకులో ఇంకో నాలుగు వడలు వేసి, అవి తినేదాకా పక్కనే కూర్చుంది.